ఏడాదిగా ప్లాస్టిక్ లేకుండా పచ్చళ్ళూ స్వీట్లూ ప్యాక్ చేస్తున్నా: ఏది నిలబడింది, ఏది నూనె కార్చింది

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎవరో డబ్బులిచ్చి రాయించుకున్న రివ్యూ కాదు. కొన్నవన్నీ నా డబ్బుతో కొన్నవే, కారినవన్నీ నా వంటింట్లోనే కారాయి.

మాది రాజమండ్రి. ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు, సున్నుండలు, అరిసెలు చేసి కొరియర్‌లో పంపుతుంటాను, ఊళ్ళో అయితే చిన్న చిన్న ఫంక్షన్లకి ముప్పై నలభై మందికి భోజనాలు కూడా చేసిస్తాను. కిందటేడు ఉగాదికి ముందు హైదరాబాద్‌లో ఉండే ఒకావిడ, చాలా ఏళ్ళుగా మా దగ్గరే పచ్చళ్ళు కొనే ఆవిడ, వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టారు. నా పార్సిల్ విప్పాక మిగిలినవన్నీ నేల మీద వరసగా పేర్చి తీసిన ఫొటో. పచ్చడి పౌచ్, దాని మీద ఇంకో కవరు, దాని మీద బబుల్ షీటు, దాని చుట్టూ బ్రౌన్ టేపు, మళ్ళీ అన్నీ కలిపి ఒక పెద్ద కవరు. లెక్కపెడితే పంతొమ్మిది ముక్కలు. కింద "పచ్చడి చాలా బాగుందండీ, చెత్తే కాస్త ఎక్కువొచ్చింది" అని రాశారు. ముందు కోపం వచ్చింది, కారకుండా పంపడానికి మేం పడే టెన్షన్ ఈవిడకేం తెలుసు అనుకున్నా. రెండ్రోజులయ్యాక ఆ ఫొటో మళ్ళీ చూసుకుంటే సిగ్గేసింది. అదీ మొదలు.

తేలికైనవాటితో మొదలుపెడతా. పొడిగా ఉండే స్వీట్లకి ప్లాస్టిక్ అస్సలు అక్కర్లేదు. ఈ పక్కనే ఉన్న ఆత్రేయపురంలో పూతరేకులు అట్టపెట్టెల్లో పెట్టే కదా అమ్ముతారు, మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. అట్టపెట్టె, లోపల బటర్ పేపర్, పైన పురికొస, అంతే. స్వీట్ బాక్సుల మీద బిగించి చుట్టే పల్చటి ఫిల్మ్ ఉంటుంది చూశారూ, దాన్ని కేంద్రం 2022 జులై 1 నుంచే నిషేధించింది, స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లతో పాటు. ఆ సంగతి మా ఊళ్ళో చాలా షాపులకి ఇంకా చేరినట్టు లేదు.

బటర్ పేపర్‌లో మాత్రం రకాలున్నాయి. నేను మూడు చోట్ల తెప్పించి ఒక పరీక్ష పెట్టా: కింద తెల్ల కాగితం, దాని మీద బటర్ పేపర్, దాని మీద ఒక చెంచా గోరువెచ్చటి నెయ్యి, రాత్రంతా అలా వదిలేయడం. పొద్దున్నకి రెండు రకాలు కింది కాగితాన్ని అద్దంలా చేసేశాయి. మూడోది ఒక్క చుక్క దిగనివ్వలేదు, రేటు కూడా కిలోకి కొంచెమే ఎక్కువ. సున్నుండలకి ఇప్పుడు అదే. అరిసెల్ని మాత్రం ఏ పేపరూ గెలవలేదు, ఎంత గట్టిగా నొక్కినా మర్నాటికి ఇంకా నూనె వదులుతూనే ఉంటాయి, రెండ్రోజులు జల్లెడలో ఆరనిచ్చాకే పెట్టెలో పెడుతున్నా. న్యూస్ పేపర్ పరుద్దామా అని మా ఆయన అడిగారు గానీ, వద్దు బాబూ, ఆ సిరా తిండికి అంటుకుంటుందనే ఫుడ్ సేఫ్టీ వాళ్ళు తిండి చుట్టడానికి దాన్ని వాడొద్దన్నారు.

ఇప్పుడు అసలు మోసం సంగతి. పొడులకి బ్రౌన్ రంగు పేపర్ పౌచ్‌లు వస్తాయి, ముందు చిన్న కిటికీ, పైన జిప్, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయంటే అందులో పోస్తే మామూలు కందిపొడి కూడా సూపర్ మార్కెట్ సరుకులా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో "హండ్రెడ్ పర్సెంట్ ఎకో" అని చూసి ఐదొందలు తెప్పించుకున్నా. సంబరంగా రెండు నెలలు అందరికీ చెప్పుకున్నా కూడా. ఒకరోజు అంట్లు తోమే దగ్గర ఒక పౌచ్ పొరపాటున బకెట్ నీళ్ళలో పడిపోయి రాత్రంతా ఉండిపోయింది. పొద్దున తీస్తే పైనున్న బ్రౌన్ కాగితం తడిసిన పోస్టర్‌లా చేత్తో ఊడొచ్చేసింది, లోపల చెక్కుచెదరకుండా ఒక వెండి రంగు సంచీ! గోరుతో గీకితే తళతళ. పొడి ఇన్నాళ్ళూ ఉన్నది ప్లాస్టిక్‌లోనే, కాగితం దానికి చొక్కా అన్నమాట. అమ్మినతనికి ఫోన్ చేస్తే "పైన పేపరే కదా మేడమ్" అన్నాడు. నిజమే మరి.

ఇలాంటి అతికిన పౌచ్ మామూలు ప్లాస్టిక్ కవరు కన్నా నయమేం కాదు, ఒక రకంగా ఇంకా కష్టం. కాగితాన్నీ ప్లాస్టిక్‌నీ రేకునీ కలిపి అంటించేశాక ఎవరూ విడదీయలేరు, అటు కాగితం వాళ్ళకీ పనికిరాదు, ఇటు ప్లాస్టిక్ వాళ్ళకీ పనికిరాదు. మా వీధికొచ్చే పాత పేపర్ల అతనికి చూపిస్తే వాసన చూసినంత సేపు కూడా చూడకుండా పక్కన పడేశాడు. టీ తాగే పేపర్ కప్పు కూడా ఇదే బాపతు, లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పూత లేకపోతే వేడి టీకి ఆగదు. నానబెట్టి చూడండి, పొర పొరగా వస్తుంది.

మరి పొడులకి ఏం చేస్తున్నానంటే, ఊళ్ళో వాళ్ళకి రెండు పొరల కాగితపు సంచీ, లోపల బటర్ పేపర్, పది రోజుల్లో వాడేయమని పైన రాసిస్తా. ఇది వేసవిలో భేషుగ్గా ఉంది, ఆగస్టులో చతికిలబడింది. గోదావరి ఒడ్డున వానాకాలం గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఉప్పున్న కారప్పొడి పన్నెండో రోజుకి రాయిలా గడ్డకట్టింది. దూరం ఊళ్ళకి సీసాలే.

సీసాల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. పచ్చడికి గాజుని మించింది లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు. జాడీలో పెట్టిన ఆవకాయకీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన ఆవకాయకీ మూడో నెలలో వాసనలో తేడా మా అత్తయ్యగారు కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. పులుపు, ఉప్పు, నూనె మూడూ కలిసి ఏళ్ళ తరబడి ఉండాల్సిన వస్తువు అది. కానీ అరకిలో సీసా ఖాళీగానే పావుకిలో పైన తూగుతుంది, కొరియర్ వాళ్ళు అరకిలో లెక్కన స్లాబులు వేస్తారు, దానికి తోడు పెట్టె పెద్దదైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదు వేలతో భాగించి వచ్చిన బరువు అసలు బరువుకన్నా ఎక్కువైతే దానికే డబ్బు కట్టమంటారు. అంటే సీసా పగలకుండా చుట్టూ ఎంత మెత్తగా సర్దితే అంత బిల్లు.

మొదటిసారి బెంగళూరుకి పది సీసాలు పంపితే మూడు పగిలాయి. గోంగూర, గాజు పెంకులు, నూనె కలిసిన ఆ పెట్టె ఫొటో నేనిక్కడ పెట్టను. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక టెస్టింగ్ డిపార్టుమెంటు మొదలైంది. సీసాలో పాత నూనె పోసి, ప్యాక్ చేసి, మా ఆయన దాన్ని డైనింగ్ టేబుల్ ఎత్తు నుంచి ఆరు వైపులా ఆరుసార్లు పడేస్తారు. ఆయనకి ఈ ఉద్యోగం ఎంత నచ్చిందో చెప్పలేను.

నలిపిన కాగితం ఒక్కటే పెడితే నాలుగోసారికి సీసా అడుక్కి జారిపోయి పగిలింది. తేనెపట్టు గళ్ళలా సాగే పేపర్ చుట్ట ఉంటుంది, హనీకోంబ్ పేపర్ అంటారు, అది బాగా ఆగింది, కాకపోతే రెండు చుట్లు చుట్టాలి, ఒక్క చుట్టుకి నమ్మొద్దు. మొక్కజొన్న పిండితో చేసిన తెల్ల గుళికలు కూడా తెప్పించా, నీళ్ళలో వేస్తే కరిగిపోతాయి, పిల్లలకి భలే ఆట. అయితే కాస్త నూనె చెమ్మ, వానచెమ్మ తగిలినా అవి జిగురుముద్ద అవుతాయి, పచ్చళ్ళ ఇంటికి పనికొచ్చేవి కావు.

అన్నిట్లోకీ గెలిచింది కొబ్బరి పీచు. నవ్వకండి. పక్కనే కోనసీమ పెట్టుకుని నేను థానే నుంచి పేపర్ చుట్టలు తెప్పించుకోవడం ఏంటని ఒకరోజు వెలిగింది. మూట పీచు తెచ్చి, దులిపి, ఎండబెట్టి సీసాల మధ్య దట్టించా. ఆరుసార్లు పడేసినా గీత పడలేదు. నూజివీడు మామిడికాయల పెట్టెల్లో వరిగడ్డి వేస్తారే, అచ్చం అదే తర్కం. పీచు దుమ్ము మూత మరల్లోకి పోతుంది కాబట్టి సీసాకి ముందు కాగితం చుట్టాలి, అదొక్కటి మర్చిపోవద్దు. ఒకరిద్దరు "ఇదేంటండీ గడ్డి పంపారు" అన్నారు, ఇంకొకావిడ ఆ పీచుని గులాబీ కుండీలో వేసుకున్నానని ఫొటో పెట్టారు.

మూతల విషయంలో ఇంకా ఓడిపోతూనే ఉన్నా. రేకు మూతలు ఆవకాయ ఉప్పుకి మూడు నెలల్లో అంచున తుప్పు పడుతున్నాయి, లోపల గుండ్రంగా ఉండే మెత్తటి పొర ఎలాగూ ప్లాస్టిక్ జాతిదే, అది లేకపోతే గాలి ఆగదు. సీసాకి పైన ఒక అంగుళం ఖాళీ వదిలి, మూత బిగించి, రాత్రంతా బోర్లా పెట్టి చూస్తున్నా. పొద్దున్నకి పళ్ళెంలో చుక్క నూనె కనబడితే ఆ సీసా ఊళ్ళో ఆర్డర్‌కే.

ఇక భోజనాలు. పార్సిల్ కూరలకి చెరకు పిప్పితో చేసిన తెల్ల డబ్బాలు వాడుతున్నా. పులిహోరకి పదికి పది మార్కులు. గారెలకి అయితే ప్లాస్టిక్ డబ్బా కన్నా ఇదే మేలు, ఎందుకంటే ఆవిరిని కాస్త పీల్చుకుంటుంది, ప్లాస్టిక్‌లో మూత మీద నీళ్ళు కట్టి గారె మీదే పడి మెత్తబడిపోతుంది. గుత్తివంకాయ పెడితే గంటన్నరకి అడుగున పసుపు మరక బయటికి కనబడింది కానీ కారలేదు. పప్పుచారు మాత్రం పెట్టకండి. డబ్బా అడుగు ఆగుతుంది, మూతే ఆగదు, నొక్కుడు మూత కదా, స్కూటర్ ఒక గతుకు ఎక్కిందంటే సంచీ అంతా చారే. ఒక గృహప్రవేశానికి ఇలాగే ఇరవై డబ్బాల్లో ఆరు ఓడిపోయాయి, ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, "చారు మళ్ళీ కాచుకుందాంలెండి అమ్మా" అన్నారు, అదే ఇంకా బాధ.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి పీచు డబ్బాలు నూనె పీల్చకుండా ఉండటానికి కొందరు తయారీదార్లు పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలుపుతుంటారు, అవి ఒంట్లోనూ మట్టిలోనూ ఓ పట్టాన పోవు. అమెరికాలో తిండి ప్యాకింగ్‌లో నూనె ఆగడానికి వాడే ఆ రకాన్ని ఇక అమ్మడం లేదని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. నేను ముగ్గురు అమ్మకందార్లని "మీ సరుకులో అది లేదని ల్యాబ్ రిపోర్టు ఇస్తారా" అని అడిగా. ఒకరు పంపారు. ఒకరు "అదేంటి మేడమ్" అన్నారు. మూడో ఆయన నా నంబరు బ్లాక్ చేశాడు.

అరెకా ప్లేట్లు, అంటే వక్క చెట్టు నుంచి రాలిన పట్టని కడిగి వేడి అచ్చులో నొక్కి చేసేవి, చేతికి ఎంత బాగుంటాయో! బఫేలో నిలబడి తినేవాళ్ళకి ఒంటిచేత్తో పట్టుకున్నా వంగవు. ఎక్కువగా కర్ణాటక, తమిళనాడు నుంచి వస్తాయి. మూసిన గదిలో పెడితే బూజు పడుతుంది, నావి యాభై అలాగే పోయాయి. అంతా బాగుందనుకుంటుండగా 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ వీటిని తిండికి వాడొద్దంది, వక్కలో ఉండే ఆల్కలాయిడ్లు ఆకులోంచి తిండిలోకి దిగొచ్చని కారణం చెప్పింది. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు ఆ వార్త పంపి "వదినా, చూశావా" అంది. ఇక్కడ మామూలుగానే అమ్ముతున్నారు. ఎప్పుడో ఒక పెళ్ళిలో తింటే ఏమవుతుందని మీరనొచ్చు, నేనూ కాదనను, కానీ రోజూ వడ్డించేదాన్ని నేను, కాబట్టి వేడి కూరలకి, చారుకి మానేశా. ఉన్నవి స్వీటు, హాటు పెట్టడానికి అయిపోగొడుతున్నా.

దాంతో మళ్ళీ విస్తరాకు దగ్గరికే వచ్చిపడ్డా. ఏజెన్సీలో గిరిజనులు అడవి నుంచి కోసుకొచ్చే అడ్డాకులు, వెదురు పుల్లలతో కుట్టినవి. తెలంగాణ వైపు మోదుగాకువి ఎక్కువ. ఆబ్దికాలకి మా ఇళ్ళల్లో ఎప్పుడూ ఇదే, మామూలు భోజనాలకే మేం మర్చిపోయాం. ఎండిన ఆకు మీద నీళ్ళు చిలకరించి ఐదు నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది, లేకపోతే మడతలో ఫట్‌మని విరుగుతుంది. చారు పోస్తే పుల్లల సందుల్లోంచి కారదా అంటే కారుతుంది, అందుకే మా అత్తయ్యగారు అన్నంతో ముందు ఒక కట్ట కట్టి మధ్యలో గుంట చేసి అందులో పోయించుకుంటారు. మొన్నొక ఫంక్షన్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ళు నలుగురు కట్ట కట్టడం రాక చారుతో చాప మీద గోదావరి పారించారు. కూర్చుని తినేవాళ్ళకైతే ఇదే నా మొదటి ఛాయిస్. నిలబడి తినేవాళ్ళకి అచ్చులో నొక్కిన ఆకు ప్లేట్లు వస్తాయి గానీ, కొనేముందు ఒకటి చింపి చూడండి. నేను కొన్నవాటిలో పైన ఆకు, కింద అట్ట, రెండిటి మధ్యలో పల్చటి పాలిథిన్ కాగితం! ఇక ఆకుపచ్చ రంగు, ఈనెలు అచ్చేసిన కాగితపు అరిటాకు గురించి నేనేం మాట్లాడను. అరటి తోటల మధ్య ఉండి దాంట్లో తినడం మన ఖర్మ.

క్యారీ బ్యాగులు. 2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకి తగ్గకూడదు, కంపోస్టబుల్, అంటే కుళ్ళి ఎరువైపోయే వాటికి ఆ మందం లెక్క లేదు కానీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి, దాని నంబరు, చేసినవాళ్ళ పేరు సంచీ మీద ఉండాలి. తిరుమలలో 2021లో డీఆర్‌డీఓ వాళ్ళు తయారుచేసిన లడ్డూ కవర్లు పెట్టారు కదా, మొక్కజొన్న పిండితో చేసినవి, అవి చూసే నాకు ఆశ పుట్టింది. రెండు చోట్ల కొన్నా. ఒకదాని మీద నంబరు, ఐఎస్ 17088 అన్న ముద్ర (కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కి ఉన్న ప్రమాణం) ఉన్నాయి. రెండోదాని మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో "ఐ యామ్ నాట్ ప్లాస్టిక్" అని మాత్రమే ఉంది, రేటు తక్కువ. రెండిటినీ ముక్కలు కోసి, కడియం నుంచి తెచ్చిన మట్టి పోసి రెండు కుండీల్లో పాతిపెట్టా. నాలుగు నెలల తర్వాత తవ్వితే మొదటిది జల్లెడలా చిల్లులు పడి, పట్టుకుంటే చిరిగిపోతోంది, అయినా పూర్తిగా పోలేదు. అసలు ఆ ప్రమాణం ఇళ్ళల్లో కుండీలకి కాదు, 58 డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద కంపోస్టు ప్లాంట్లకి, కాబట్టి దాన్ని తప్పుపట్టను. రెండోది? దులిపితే మట్టి రాలింది, "ఐ యామ్ నాట్" దాకా స్పష్టంగా చదవగలిగా.

మొదటిదానికీ ఒక లోపం ఉంది, దాచుకోలేం. ఎండాకాలం అటక మీద పెట్టిన కట్ట మే నెలకల్లా చెయ్యి పెడితే చిరిగిపోయేంత పెళుసెక్కింది. రెండు నెలలకి సరిపడా మాత్రమే తెప్పించుకోండి. ఊళ్ళో ఇచ్చేవాటికైతే అవీ మానేసి, మా సందు చివర టైలరమ్మతో పాత చీరలవి సంచులు కుట్టిస్తున్నా, ఒక్కోటి ఎనిమిది రూపాయలు. మళ్ళీ తిరిగొస్తున్నాయి కూడా.

డబ్బు లెక్క అడుగుతారని తెలుసు. కిలో ఆవకాయ పార్సిల్‌కి ఇదివరకు ప్యాకింగ్ ఇరవై రూపాయల్లో అయ్యేది, ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది, కొరియర్ అదనం. నలభై పెంచితే పది పన్నెండు మంది మానేశారు. ఊళ్ళో వాళ్ళు సీసా వెనక్కిస్తే ఇరవై తగ్గిస్తున్నా, దాంతో కొంత కూడదీసుకున్నాం. ఖాళీ సీసాలు వేడినీళ్ళలో కడిగి ఎండలో బోర్లించడం అదనపు పని, అది నా నడుముకి తెలుసు.

అమెరికా పార్సిళ్ళు ఇంకా ప్లాస్టిక్ పౌచ్‌ల్లోనే వెళ్తున్నాయి, దాచను. గాజు బరువుకి అంత దూరం ఛార్జీ పచ్చడి ధరని మించిపోతోంది, పీచు, గడ్డి లాంటివి పెడితే అక్కడ క్వారంటైన్ వాళ్ళతో పేచీ. ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన మందపాటి పౌచ్ ఒక్కటి, దానిమీద అట్టపెట్టె, కాగితం టేపు. పంతొమ్మిది ముక్కలు నాలుగయ్యాయి, అంతవరకే.

మీరూ ఈ సంవత్సరం సీసాల్లోకి మారాలనుకుంటే ఫిబ్రవరిలోనే ఆర్డర్ పెట్టుకోండి. మామిడికాయ దిగాక మార్కెట్లో పచ్చళ్ళవాళ్ళందరూ ఒకేసారి ఎగబడతారు, అరకిలో సైజు దొరకదు, దొరికినా మూతలు సరిపోవు. కిందటేడు నాకు మూడొందల సీసాలొచ్చాయి, మూతలు రెండొందల అరవై.